ఒక్కడే ఎత్తుకోగల బండి

బస్తర్ సంస్థానం రోజుల్లో మశూచికి టీకాలు వెయ్యడం నా ఉద్యోగం. ఉండేది మద్దేడులో. అక్కణ్ణుంచి అటు తర్రెం దాకా, ఇటు గోదావరి ఒడ్డు దాకా ఊళ్లన్నీ నావే. నాలుగేళ్లు ఆ ఊళ్లన్నీ నడిచి తిరిగాను. వాగులు తగ్గాక ఎప్పుడైనా ఎద్దుబండి దొరికేది.

మద్దేడులో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ. పలకరింపులకు లోటు లేదు. కానీ లోపలి ఊళ్లలో నన్ను చూడగానే మనుషులు లేచి అడవిలోకి పోయేవారు. సూది గుచ్చి నెత్తురు తీసి సర్కారుకు పంపుతాడని నా మీద పేరు పడింది. నేను వెళ్లేసరికి పొయ్యి మీద కుండ ఉడుకుతూ ఉండేది, పక్కన సగం దంచిన వడ్లు ఉండేవి. మనిషి మాత్రం ఉండేవాడు కాదు. టీకా పెట్టె పక్కన పెట్టుకుని పొద్దు వాలేదాకా ఎవరిదో అరుగు మీద కూర్చునేవాణ్ణి. కుండ అడుగంటుతుంటే లేచి దించేవాణ్ణి కూడా. తర్వాత పెట్టె భుజాన వేసుకుని పక్క ఊరికి నడిచేవాణ్ణి. అట్లా ఒక్కోసారి పది రోజులు ఎవరితోనూ మాట లేకుండా గడిచేవి. మాట మర్చిపోతానేమోనని దారిలో చెట్ల పేర్లు పైకి చెప్పుకుంటూ నడిచిన రోజులున్నాయి.

యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసిన మోటారు సైకిళ్లు కొన్ని సంస్థానం రాజధాని జగదల్‌పూర్ చేరాయి. అక్కడి పెద్ద డాక్టరు, నా పై అధికారి, కబురు పంపి పిలిపించాడు. "మూడు ఉన్నాయి, నీకు పనికొచ్చేది నువ్వే చూసుకో" అని హిందీలో చెప్పి, తన కాగితాల్లో పడిపోయాడు.

బండ్లు ఒక షెడ్డులో ఉన్నాయి. వాటిని బాగుచేసే మెకానిక్కు విశాఖపట్నం వైపువాడు. యుద్ధంలో బర్మా దాకా లారీలు నడిపి వచ్చాడట. సైకిలు తప్ప ఎరగని నాకు వారం రోజులు గేర్లూ బ్రేకులూ నేర్పించాడు. ఎనిమిదో రోజు పొద్దున మూడు బండ్లనూ వరసగా నిలబెట్టాడు. ఒకటి పెద్దది, పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉన్నది. ఒకటి చిన్నది, సైకిలుకు ఇంజను తగిలించినట్టుంది. మూడోది ఆ రెండింటికీ మధ్యరకం.

ముందు పెద్దదాన్ని తీశాం. ఇంద్రావతి ఒడ్డు దాకా వెళ్లిరమ్మని చెప్పి, తొట్టిలో రెండు ఇసుక బస్తాలు వేశాడు.

"బస్తాలెందుకు?" అన్నాను.

"పక్కన మడిసి లేకపోతే మలుపుకాడ తొట్టి పైకి లేచిపోద్ది బాబూ. మీతో ఎవరైనా వస్తారేటి?"

"నాతోని ఎవరొస్తరు?"

"అయితే బస్తాలే."

నది దాకా వెళ్లి వచ్చాను. బండి బలంగా ఉంది, రాళ్లను లెక్కచెయ్యలేదు. కానీ దారి పొడుగునా నా పక్కన ఆ బస్తాలు ఒకదానికొకటి ఆనుకుని ఊగుతూ కూర్చున్నాయి. వాటివైపు చూడకుండా నడపాలని ప్రయత్నించాను, చేతకాలేదు. తిరిగొచ్చి దిగి, ఇది వద్దన్నాను.

చిన్నది తేలిక. అయితే ఇసుకలో చక్రం దిగబడితే కదలలేదు, టీకా పెట్టె కడితే ఎత్తు ఎక్కలేక ఏడ్చింది. ఇక మిగిలింది మధ్యది. దాన్ని ఎక్కనివ్వకుండా మెకానిక్కు నేలమీద పక్కకు పడుకోబెట్టాడు.

"నడపడానికేటుంది బాబూ, ఏదైనా నడుపుతారు. మీ కాడ అన్నీ వాగులంటున్నారు. వాగులో పడితే సాయానికి ఎవరుంటారు? ఒక్కరే ఎత్తుకోగలరేమో సూడండి."

హ్యాండిలు ఒక చేత్తో, సీటు కింద ఇంకో చేత్తో పట్టి, మోకాళ్లు వంచి లేపాను. మొదటిసారి సగం లేచి కూలబడింది. రెండోసారి నిలబడింది. అతను తల ఊపి, "ఇంక తిప్పుకుని రండి, పొద్దు వాలేదాకా మీదే" అన్నాడు. వెనక సీటు బిగించాలా, పెట్టె కట్టుకునే ఇనప చట్రం బిగించాలా అని అడిగాడు. చట్రమే చాలన్నాను, అది బిగించాడు.

గీదం వైపు మొరం రోడ్డు మీద పోయాను. ఇంజను చప్పుడు మెత్తగా, విడివిడిగా, నిదానంగా నడిచే గుండెలా ఉంది. గేరు మారిస్తే కాస్త జంకి మళ్లీ అందుకునేది. ఆరేడు మైళ్లు పోయాక రోడ్డుకు దగ్గరగా ఒక పల్లె కనబడింది. నాకు వెళ్లాలని లేదు, అయినా బండి అటు తిప్పాను. మనుషులు పరుగెత్తితే ఎంత దూరం నుంచి పరుగెత్తుతారో తెలుసుకోవాలనుకున్నాను. ఉద్యోగానికి అది అవసరమని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎవరూ పరుగెత్తలేదు. నా దగ్గర పెట్టె లేదు, ఒంటిమీద ఖాకీ లేదు. చప్పుడు విని ఒక్కొక్కరే బయటికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. అంతమంది నాకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. ఎటు చూడాలో తెలియక పెట్రోలు టాంకు తుడుస్తూ నిలబడ్డాను.

ఒక ముసలమ్మ గంప పట్టుకుని ముందుకొచ్చింది. రోడ్డువైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది. ఆమె భాష హల్బీ. నాకు దోర్లీ వచ్చు, గోండీ కొంత వచ్చు, హల్బీ రాదు. 'బజార్' అన్న మాట ఒక్కటే అర్థమైంది. సీటు లేదని చట్రం చూపించాను. ఆమె తన తువ్వాలు మడిచి దాని మీద వేసి, గంప ఒడిలో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

సంత రెండు మైళ్ల దూరం. ఆమె ఒక చెయ్యి నా భుజం మీద వేసి, దారి పొడుగునా నా చెవి దగ్గర మాట్లాడుతూనే ఉంది. కొడుకు గురించో, కోళ్ల గురించో నాకు తెలియదు. మధ్యలో ఆగి బదులు కోసం చూసేది. నేను "ఆఁ" అనేవాణ్ణి, మళ్లీ మొదలుపెట్టేది. సంత దగ్గర దిగి గంపలోంచి గుప్పెడు సారపప్పు తీసి నా జేబులో పోసి జనంలో కలిసిపోయింది. నేను బండి పక్కన నిలబడి, ఆమె ముదురాకుపచ్చ చీర కనబడినంతసేపూ చూశాను. భుజం మీద ఆమె పట్టుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది.

షెడ్డుకు తిరిగొచ్చాక మెకానిక్కు, "ఏటి బాబూ, ఏది?" అన్నాడు.

"ఇదే. చప్పుడు మెత్తగున్నది" అన్నాను.

మద్దేడుకు ఆ బండి మీదే వచ్చాను. రెండు నెలలు అందరూ వింతగా చూశారు. తర్వాత ఆ చప్పుడు ఎవరిదో అడవంతా తెలిసిపోయింది. మునుపు నేను కంటబడ్డాక పారిపోయేవారు, ఇప్పుడు అరమైలు దూరంలో ఉండగానే పోతున్నారు. అయినా పెట్టె నా భుజాన వేసుకుని, దారిలో చెయ్యెత్తినవాళ్లను చట్రం మీద ఎక్కించుకోవడం మానలేదు. కొందరు ఎక్కాక పెట్టె గుర్తుపట్టి, కదులుతున్న బండి మీంచే దూకేశారు.

మరుసటి ఎండాకాలం తర్రెం దారిలో ఒకతను గొడ్డలి తగిలిన కాలితో చెట్టు కింద పడి ఉన్నాడు. పెట్టె అక్కడే పొదలో దాచి, అతన్ని చట్రం మీద నా నడుముకు తువ్వాలుతో కట్టుకుని బీజాపూర్ దవాఖానాకు తీసుకెళ్లాను. దారి పొడుగునా అతను మూలుగుతూనే ఉన్నాడు.

మూడు నెలలకు వాళ్ల ఊరు వెళ్లాను. ఎప్పటిలాగే జనం అడవివైపు మళ్లారు. అతనొక్కడే కర్ర మీద ఆనుకుని ఇంటి ముందు నిలబడ్డాడు. వాళ్లవైపు తిరిగి ఆగమని దోర్లీలో గట్టిగా కేకేశాడు. నాలుగైదు ఇళ్లవాళ్లు వెనక్కి వచ్చి దూరంగా ఆగారు.

అతనికి తెలుగు వచ్చు. "ఇంటికాడ ఎవరున్నరు నీకు?" అన్నాడు.

"ఎవరు లేరు."

"మరి నీకు ఎవరన్న ఏసిండ్రా, ఈ సూది?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాను. "చిన్నప్పుడు మా అమ్మ పట్టుకున్నది, ఎవరో ఏసిండ్రు. బాగ ఏడ్చిన్నంట" అన్నాను.

అతను మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత వాళ్లావిడ వచ్చి చూసింది. ఆ తర్వాత ఒక్కొక్కరే. అందరూ చూశాక అతను కర్ర కింద పెట్టి, అక్కడే కూర్చుని తన చెయ్యి చాపాడు.

సాయంత్రం దాకా ఆ ఊళ్లోనే ఉన్నాను. నన్ను వెళ్లమని ఎవరూ అనలేదు.