గబ్బిలం ఫోటో కార్డు

కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కి ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతున్నాను. అంతవరకు కండక్టరుతో తమిళంలో మాట్లాడిన పక్కసీటు ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు తెలుగోళ్లామ్మా? మేమూ ఇంట్లో ఈ బాసే పేసేది," అంది.

ఆవిడ ఒళ్లో స్టూడియోలో వేయించిన దీపావళి కార్డుల కట్ట ఉంది. అన్నిటి మీదా ఒకటే ఫోటో. చింతకొమ్మకు తలకిందులుగా వేలాడే గబ్బిలం, దాని రెక్కల్లో పిల్ల. పండక్కి గబ్బిలమేమిటని నాకు నవ్వొచ్చింది.

"మా ఊరిదే. ఎండకాలంలో నా కోడలు ఫోన్లో తీసినాది. స్టూడియో ఆయన చిలకను వేస్తానన్నాడు. ఇదే కావాలంటిని."

వాళ్ల ఊళ్లో తాతల నాటి నుంచీ ఎవరూ టపాసులు కాల్చరట, గబ్బిలాలు బెదిరి చెట్టు వదిలిపోతాయని. కొత్తగా వచ్చిన కాపురాలవాళ్లు ఈసారి కాలుస్తామంటున్నారు. అందుకే ఆ ఇళ్లకు మురుకుల పొట్లంతో పాటు ఈ కార్డు.

"అయినా కాలిస్తే?" అన్నాను.

"మళ్లీ పోతాను. వాళ్లకి విసుగొచ్చేదాకా పోతాను."

సాత్తూరులో దిగబోతూ నాకూ ఒక కార్డు ఇచ్చింది. ఆవిడ గోళ్ల సందుల్లో వెండిరంగు పొడి కనిపించింది.

"ఎక్కడ పని అక్కా?"

"పటాసు కంపెనీలోనే, ఇరవై ఏండ్లాయె. చేసేది నేనే, దాని సద్దు ఎంతటిదో నాకు తెలీదా?"