తుపాకికి కట్టిన గది

మా ఇల్లు నిజామాబాద్‌లో, పసుపు చేను మాక్లూర్ దగ్గర. అడవి పందులు పసుపు కొమ్ములను పెళ్లగిస్తున్నాయని బాపు చాలా ఏళ్ల కిందటే లైసెన్సు తీసుకుని తుపాకి కొన్నాడు. అది అల్మారాలో అమ్మ పట్టుచీరల వెనుక నిలబెట్టి ఉండేది. దాన్ని ఎవరం పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదు.

ఈ వానాకాలం చేను గెట్టు దగ్గర గొడవైంది. బాపు తమ్ముడు, మా చిన్నాయన, కూలీలందరి ముందు మా అన్నను చెంప మీద కొట్టాడు. అన్న ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా నేరుగా అల్మారా దగ్గరికి పోయాడు. అమ్మ దానికి వీపు ఆనించి నిలబడింది. చాలాసేపటికి అన్నే బయటికి పోయాడు.

మర్నాడే బాపు మేస్త్రీని పిలిపించాడు. సెల్లార్‌లో మెట్ల పక్క మూల, నేను ఎవరికీ కనబడకుండా నవలలు చదువుకునే చోటు, గదిగా మారింది. మందపు ఇటుక గోడలు, కిటికీ లేదు. ఇనుప తలుపుకు మడతబందులు లోపలి వైపే పెట్టించాడు, బయటి నుంచి ఎవరూ ఊడదీయకుండా. లోపల రెండు ఇనుప పెట్టెలను గోడకు బోల్టులతో బిగించారు, తుపాకికొకటి, తూటాలకొకటి. చెమ్మ పట్టకుండా ఒక బల్బు ఎప్పుడూ వెలుగుతుండేది.

పెట్టెల తాళంచెవులు బాపు మొలతాడుకు కట్టుకున్నాడు. తలుపుది నాకిచ్చాడు.

"నువ్వు ఎవ్వరితోని ఎక్కువ మాట్లాడవు గదా బిడ్డా. నీ దగ్గరనే ఉండనీ."

అన్నం తింటున్న అన్న నవ్వాడు. "గింత పిరికిదానికా బాపూ? జర గట్టిగ అడిగితే దండం పెట్టి ఇస్తది."

నాకూ అదే భయం. అప్పటినుంచి అన్న మెట్లు దిగే చప్పుడైతే చాలు, నా చెయ్యి చున్నీ కొంగున కట్టిన తాళంచెవి మీదికి పోయేది.

దసరా రోజు బాపు ఆయుధపూజ చేశాడు. హాల్లో చాప పరిచి కొడవళ్లు, పారలు, మందు కొట్టే పంపు పెట్టాడు. వాటి పక్కన తుపాకి, తూటాల బెల్టు. అన్నింటికీ బొట్లు, బంతిపూలు. పూజలో పెట్టినవి మర్నాడు హారతి ఇచ్చేదాకా కదపకూడదు. మా ఇంట్లో ఏనాడూ కదపలేదు.

"దాన్ని కింద గదిల పెట్టరాదా?" అంది అమ్మ.

"పూజల ఉన్నదానికి తాళమేందే? రేపు పొద్దుగాల ఎత్తుదం."

అంత గట్టి గది కట్టించిన మనిషి ఆ మాట అని, సాయంత్రం అమ్మను తీసుకుని జమ్మిచెట్టు దగ్గరికి పోయాడు. జనంలోకి పోవడం ఇష్టంలేక నేను ఉండిపోయాను. అన్న సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

కాసేపటికి బాపు నాకు ఫోన్ చేశాడు. "చిన్నాయన కలిసిండు బిడ్డా. మనింటికే జమ్మి ఆకు ఇచ్చి కలిసిపోనీకి వస్తుండు. మేం ఎనకనే వస్తున్నం. అన్నకు చెప్పు."

చెప్పాను. అన్న లేచి కూర్చున్నాడు. గేటు వైపు చూడలేదు, చాప వైపు చూశాడు.

నేను పోయి తుపాకిని రెండు చేతులతో ఎత్తాను. బెల్టు భుజాన వేసుకున్నాను. పూలు కింద రాలాయి.

"పూజల నుంచి ఎత్తుతున్నవేందే? బాపు సూస్తే తోలు తీస్తడు."

"తియ్యనీ."

అన్న నా వెనకే మెట్లు దిగాడు. పెట్టెల తాళంచెవులు నా దగ్గర లేవు. రెండింటినీ పెట్టెల మీదే పెట్టి, బయటికి వచ్చి ఇనుప తలుపుకు తాళం వేశాను. వెనక్కి తిరిగేసరికి అన్న మెట్ల మీద అడ్డంగా నిలబడి చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య."

"నేనేం చేస్తననుకుంటున్నవు?"

"నాకెరుకలేదన్నా. అందుకే ఇయ్య."

తాళంచెవిని వెనక్కి దాచుకున్నాను. అన్న చెయ్యి అలాగే ఉంది. బయట బండి ఆగింది.

"ఇంట్ల ఎవరున్నర్రా?" చిన్నాయన గొంతు.

అన్న చెయ్యి దించాడు. "నాకు సుత ఎరుకలేదు," అని మెల్లగా అని పైకి పోయాడు.

నేను కదల్లేదు. పైన చిన్నాయన ఏదో అన్నాడు. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు.

"కూసో చిన్నాయనా. బాపు వస్తుండు." అదే గొంతు, ఇంకాస్త గట్టిగా, నాకోసం: "నీళ్లు తే."

నీళ్లు తీసుకుని పోయాను. ఇద్దరూ హాలుకు చెరో వైపు కూర్చున్నారు. జమ్మి ఇచ్చి కౌగిలించుకునే అలాయ్ బలాయ్ అయినట్టు లేదు. అన్న పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి జమ్మి ఆకులు కనబడుతున్నాయి.