మా అత్తగారు రాసుకున్న సెంటు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా ఆయన పటాలం నుంచి తిరిగి వచ్చారు. అక్కడ ఆయన లారీ నడిపేవారు. వచ్చిన రోజే రేకుపెట్టెలోంచి చిన్న గాజుసీసా తీసి నా చేతిలో పెట్టారు. కలకత్తాలో కొన్న విలాయతీ సెంటట. మాది గురజాల దగ్గర పల్లె, మిరపా జొన్నా పండించే ఇల్లు. నేనెన్నడూ సెంటు వాడి ఎరగను.

మర్నాడు తలంటుకుని, మణికట్టు మీద ఒక చుక్క రాసుకున్నాను. ముందు సారాలాంటి ఘాటు ముక్కుకు తగిలింది. అది ఆరగానే బాగా మగ్గిన రేగుపండు వాసన, తీపీ పులుపూ కలిసి. వంట చేస్తూ మాటిమాటికీ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొయ్యి సెగకు ఒళ్లు చెమర్చేసరికి ఆ పులుపు తగ్గి ఖర్జూరపు తీపిగా మారింది. దాని వెనకాలే తోలు వాసన మొదలైంది.

అత్తగారు గడపలో ఆగారు.

"వంటింట్లోకి చెప్పులేసుకొచ్చిందెవురే?"

"ఎవరూ రాలేదత్తయ్యా" అని, సిగ్గుపడుతూ చెయ్యి చాపాను.

ఆవిడ వాసన చూసి మొహం చిట్లించారు. "ఇదేం సెంటే? పొద్దున పండు, మద్దేనానికి చెప్పులా?"

సున్నిపిండితో రుద్దినా సాయంత్రం దాకా వదల్లేదు. సీసా తీసి గూట్లో దాచేశాను.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం మగవాళ్లు చేనుకు పోయాక, అత్తగారు పిలిచారు. "ఏమే, ఆ సెంటు ఇటు తే."

మామగారు పోయినప్పటినుంచి ఆవిడ పూలు ముట్టలేదు, పసుపు రాసుకోలేదు. నేను తటపటాయించాను. ఆవిడ చెయ్యి చాపి కూర్చున్నారు. రాశాను. నా ఒంటి మీద పూటంతా నిలిచిన పండు ఆవిడ పొడి చర్మం మీద చప్పున ఆరిపోయింది. తోలు పైకొచ్చింది. అది చెప్పుల వాసన కాదు, ఆముదం పట్టించి ఎండకు పెట్టిన తోలు వాసన. ఆవిడ మణికట్టు ముక్కుకు ఆనించుకుని వసారా స్తంభం వైపు చూశారు.

"మీ మావకి గుర్రముండేది. మాచర్ల సంతకి పోయొచ్చి జీను ఈ స్తంభానికే ఆనిచ్చేవోడు. ఇంట్లోకి తోలు తేవద్దని తిట్టేదాన్ని. చానా తిట్టా."

సీసాకు మూత బిగించాను. పక్కన కూర్చున్నాను.

అప్పట్నుంచి అప్పుడప్పుడూ అడిగేవారు. రాసినప్పుడల్లా ఆయన గురించి ఏదో ఒకటి చెప్పేవారు. నేను కాపురానికొచ్చేసరికే ఆయన లేరు. ఆ మాటల్లోనే ఆయన్ని ఎరిగాను.

ఒకరోజు ఎదురింటావిడ జల్లెడకోసం వచ్చి గాలి పీల్చింది.

"ఏంది వదినా, సెంటు వాసనొస్తంది? కోడలిదా?"

నాదేనని చెప్పబోయాను. అత్తగారు నాకంటే ముందే అన్నారు.

"నాదే. జల్లెడ ఆ మూలనుంది, తీసుకో."

ఆవిడ జల్లెడ పట్టుకుపోయింది. ఊళ్లో కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. నీళ్ల దగ్గర నా మొహం మీదే అడిగినవాళ్లున్నారు. మిరపకోతలు మొదలయ్యాక ఎవరికీ తీరిక లేకపోయింది. అత్తగారు మాత్రం మానలేదు. ఆ వేసవి మధ్యాహ్నాలు చాప మీద పక్కకు ఒత్తిగిలి, సెంటు రాసుకున్న చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోయేవారు.