రాజనర్సు నాలుగు, మంగ పదహారు

రాజనర్సు చెప్పిన గొప్పలన్నీ బట్టగా నేసి పరిస్తే, సూరత్‌లో మొదలైన కొస కరీంనగర్ దాటిపోయి, పైన ఒక జాకెట్టు ముక్కకు మిగులుతుంది. ఐదో తరగతిలో బడెందుకు మానేశావంటే, తన ప్రశ్నలకు తట్టుకోలేక పంతులే బదిలీ చేయించుకున్నాడనేవాడు. నడుస్తున్న మగ్గం మీద తాను దారాలు లెక్కపెడుతుంటే మగ్గమే సిగ్గుపడి ఆగిందనేవాడు. నమ్మనివాళ్లు కూడా కథ అయ్యేదాకా కూర్చుని చాయ్ చల్లార్చుకునేవాళ్లు.

అతని చొక్కా జేబులో ఉన్న భూతద్దం మాత్రం అబద్ధం ఎరగదు. మడిచి పెట్టుకునే చిన్న అద్దం, దాని అడుగున పావు అంగుళం కన్నం. బట్ట మీద పెట్టి, ఆ కన్నంలో ఒక వరుసన కనబడే దారాలు లెక్కించి, నాలుగుతో హెచ్చవేస్తే అంగుళానికి ఎన్నో తేలుతుంది. సూరత్ శివారు ఉన్‌లోని మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లుగా అతని లెక్క తప్పలేదు. ఆ అద్దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

కరోనా వచ్చిన రెండో ఏడు. అక్కడి తెలుగు బడికి తాళం పడి, పాఠాలు ఫోన్లోకి వచ్చి చాలా కాలమైంది. మనవరాలు మంగ ఫోన్లోనే ఐదు దాటి ఆరులోకి వచ్చింది. తల్లి విజయశ్రీ ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించేది. పాఠం అర్థం కానప్పుడల్లా మంగ ఫోను పక్కన పెట్టి ఆ రాళ్లు అందుకునేది. ఈ మధ్య ఎక్కువగా రాళ్ల దగ్గరే ఉంటోంది.

ఒకరోజు భూదేవి టీచర్ ఇలా పంపింది: "ప్రతి వైపూ పావు మీటరు ఉండే చదరపు ముక్కలు ఎన్నయితే మీటరు చదరం నిండుతుంది? ఇంట్లో ఉన్న వస్తువులతో చేసి చూడండి."

మంగ నేల మీద సుద్దతో మీటరు చదరం గీసింది. పాత చీరను కొలిచి పదహారు ముక్కలు కత్తిరించింది. మొదటి ముక్క పరుస్తుండగా రాజనర్సు పని నుంచి వచ్చాడు.

"గిన్ని ముక్కలేందే? దుకాణం పెడుతున్నవా?"

"పదారు పడ్తయి తాతా."

రాజనర్సు కడుపు పట్టుకుని నవ్వాడు. "పావులు నాలుగైతే ఒకటి. ముప్పై ఏండ్ల సంది గదే లెక్క. మీ టీచర్ పుట్టకముందు నుంచి."

ఆ ఇంట్లో దారం మాట వస్తే రాజనర్సు మాటే మాట. మంగ ముక్కలన్నీ మూలకు తోసి, నాలుగని రాసి పంపింది. మర్నాడు దాని మీద ఎర్రగా అడ్డగీత పడి వచ్చింది.

"నా తలకాయకు లెక్కలు ఎక్కయి," అంది మంగ. "బడి తెరిచినా పోను. అమ్మతోని రాళ్లు అంటిస్త. బస్."

రాజనర్సు గుండెలో మగ్గం ఆగినట్టయింది. ఐదో తరగతిలో పలక పక్కన పెట్టిన రోజు తానూ ఇదే మాట అన్నాడు. పంతులు బదిలీ కథ ఆ తర్వాత పుట్టింది.

"టీచర్‌కే లెక్క రాదు," అని లేచాడు. "చూడు, నేను పరిచి చూపిస్త."

మూలనున్న ముక్కల్లోంచి నాలుగు తెచ్చి సుద్ద గీతల మధ్య ఒక వరుసగా పరిచాడు. అంచు నుంచి అంచుకు అచ్చంగా సరిపోయాయి. గర్వంగా తలెత్తాడు. వరుస కింద నేల అంతా ఖాళీగా ఉంది. ముక్కలు తీసి గీతల లోపల ఒక మూలకు నాలుగూ చదరంగా పెట్టాడు. అప్పుడూ మూడొంతుల నేల మిగిలింది. చాలాసేపు వంగి చూశాడు. ముప్పై ఏళ్లూ తాను కన్నంలో ఒక్క వైపే లెక్కపెట్టాడు. రెండో వైపుతో పని పడలేదు.

మంగ రాళ్ల డబ్బా వదిలి వచ్చింది. మిగిలిన పన్నెండూ పరిచింది. నేల కనబడలేదు.

"నీకు ముందే తెలుసు గదనే."

"నువ్వు నవ్వినవ్ తాతా."

జన్మలో తప్పు ఒప్పుకోని మనిషి ఫోను తీసుకుని, తరగతి పిల్లలు, తల్లిదండ్రులు అందరూ వినే గ్రూపులో మాట్లాడాడు: "టీచరమ్మా, నేను మంగ తాత రాజనర్సును. పిల్ల పదారన్నది. నవ్వి నాలుగు చేసింది నేను. ఆ అడ్డగీత జర నా పేరు మీద వెయ్యుర్రి."

కాసేపటికి టీచర్ గొంతు వచ్చింది: "అట్లే వేస్తాను. మంగా, మీ తాతకు ఎట్లా చూపించావో బడి తెరిచినాక మాకూ చూపించాలి."

మంగ ఆ మాట మూడుసార్లు విన్నది.

సెప్టెంబరులో బడి తెరిచారు. మాస్కు కట్టుకుని, పదహారు ముక్కలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి చెయ్యి చాచింది మంగ.

"ఏంది?"

"అద్దం. రెండు దిక్కులా లెక్కపెట్టి చూపిస్త."

రాజనర్సు జేబు తడుముకున్నాడు. "పోగొడితే సూరత్‌ల మగ్గాలన్నీ ఆగుతయి మరి."

"ఆగితే, బదిలీ మీద పోయిన నీ పంతులును వాపస్ పిలిపిద్దాం తియ్," అంది మంగ.

అతను అద్దాన్ని చొక్కా కొసతో తుడిచి, మడిచి, ఆమె అరచేతిలో పెట్టాడు.