మామగారు సినిమా చూసొచ్చారు

ఈవేళ మా మామగారు మమ్మల్ని మ్యాట్నీకి తీసుకెళ్ళారు. నూజివీడు చుట్టుపక్కల తోటల్ని పూత మీదే కొనేసే మామిడి వ్యాపారి ఆయన. కొన్నాక ఆఖరి కాయ దిగేదాకా తోట ఆయనదే. తోట గల రైతు కూడా కాయ ముట్టుకోకూడదు.

సినిమా ఓ పల్లెటూరి కుటుంబం కథ. అందులో ఓ చిన్నపిల్ల తన తండ్రి తోటలోనే రాలిన కాయ ఏరుకుంటే, వ్యాపారి పెట్టిన కాపలావాడు లాక్కున్నాడు. ఆ పిల్ల పెరిగి, పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ కూడా ఆ చెట్టు వంక చూడలేదు. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. మామగారు కండువా సర్దుకుంటూ కూర్చున్నారు.

తిరిగొస్తూ విస్సన్నపేట రోడ్డులో మేం కొన్న తోట దగ్గర జట్కా ఆపించి, కాపలా కాసే ఏసోబుని పిలిచారు.

"రైతు పిల్లలు వచ్చి కాయలు ఏరుకుంటే చూడనట్టు ఊరుకో, ఏసోబూ."

"మొదట్నుంచీ నేను చూడ్డం లేదండీ," అన్నాడు ఏసోబు.

ఇల్లు చేరాం. మామగారు ఏసోబుని మెచ్చుకోవాలో, పనిలోంచి మాన్పించాలో తేలక ఇప్పుడు పడక్కుర్చీలో కూర్చుని విసనకర్రతో తెగ విసురుకుంటున్నారు. నన్నడిగితే మాత్రం, నేనూ ఏమీ చూడలేదనే చెబుతాను. మీరైతే ఏమంటారు?