మా బావ ఓడ నుంచి తెచ్చిన పాట

మా బావ ఇమ్మానుయేలు ఓడల్లో వెల్డింగు పని చేసేవాడు. నరసన్నపేట అవతల మా ఊళ్లో ఇంటికొకరు సముద్రం మీద ఉన్నవాళ్లే కాబట్టి అదేమీ గొప్ప సంగతి కాదు. నాకు మేనత్త కొడుకు, నన్నే కట్టుకున్నాడు. అయినా పెళ్లయ్యాక కూడా నాతో నాలుగు మాటలు కలిపి మాట్లాడడానికి మొహమాటపడేవాడు. కోపం వస్తే మాత్రం మాటలు బాగానే వచ్చేవి. చేపల పులుసులో పులుపు తగ్గితే ఓడలో వంటవాడి పేరు చెప్పి సాధించేవాడు.

ఆ వంటవాడిది కొలంబియా దేశమట. ఇద్దరికీ స్నేహం. అతని దగ్గరే ఒక స్పానిష్ పాట ఫోనులోకి ఎక్కించుకుని వచ్చాడు. ఎవరో గాయకుడు, మెత్తని గొంతు, పక్కన కూర్చుని బతిమాలుతున్నట్టు పాడతాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా బావ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని అదే వినేవాడు.

ఒకనాడు మా వదిన అన్నమ్మ, అంటే బావకి అక్క, అడిగింది.

"ఏట్రా ఆ పాట? దేవుడి పాటేనా?"

బావ నావైపు ఒకసారి చూసి, "అలాటిదేలే అక్కా" అన్నాడు.

ఆ ముక్క చాలు ఆమెకి. మా బాప్టిస్టు చర్చిలో స్త్రీల సమాజానికి పాటలు నేర్పేది వదినే. ఏ వరస నచ్చినా దానికి యేసయ్య మాటలు కట్టేస్తుంది. కొన్నాళ్లకే ఆ పాట చర్చిలో పాడించేసింది. ఆడవాళ్లందరూ చప్పట్లు కొడుతూ పాడుతుంటే బావ జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భక్తితో ఏడుస్తున్నాడనుకున్నాం.

కిడ్నీలు పాడయ్యాక ఇక ఓడ ఎక్కలేదు. డయాలసిస్ చేయించుకుని వచ్చి నీరసంగా పడుకున్న ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచాడు.

"గ్లోరీ, ఆ పాటకి అసలు మాటలు వేరే ఉన్నాయి. నీకు సెప్పాల."

"సెప్పు బావా, వింటన్నాను."

అంతలో వదిన ప్రార్థన చెయ్యడానికి బైబిలు పట్టుకుని వచ్చింది. "తర్వాత సెప్తాన్లే" అని బావ అటు తిరిగి పడుకున్నాడు. తర్వాత నేనూ అడగలేదు. మందులు, ఆసుపత్రి, పథ్యం, వాటితోనే సరిపోయింది. పోయిన వేసవిలో వెళ్లిపోయాడు.

ఏడాది జ్ఞాపకార్థ కూటం దగ్గర పడింది. రాజాంలో చదువుకుంటున్న మా షీబా ఇంటికి వచ్చి, తండ్రి ఫోనులో ఆ పాట పెట్టి, దాని అర్థం తెలుగులోకి తీసింది. చదవబోయి సిగ్గుపడింది.

"అమ్మా, ఇది దేవుడి పాట కాదే."

నువ్వు దగ్గర లేకపోయినా మంచంలో నీ వైపు చోటు వదిలే పడుకుంటున్నాను, అని పాట. నీ పేరు ఎవరికీ చెప్పను, దిండుకి మాత్రం చెబుతాను, అని. ఇంకా ఉంది. మిగతాది పిల్ల చేత చదివించలేక ఫోను నేనే తీసుకుని కూడబలుక్కుని చదువుకున్నాను.

మర్నాడు వదిన వచ్చింది.

"కూటం తమ్ముడి పాటతోనే మొదలెడదాం. అందరికీ సెప్పీసాను."

"ఆ పాట వద్దొదినా."

"ఏం? సంఘమంతా పాడతన్న పాట."

"అది నా పాట. బావ నాకు సెప్పుకోడానికి తెచ్చుకున్నాడు."

ఉన్నదంతా చెప్పేశాను.

"అయితే ఆడు సర్చిలో ఏడవలేదన్నమాట. నవ్వాపుకున్నాడు, దొంగ ఎదవ. మంచం పాట పాడించాడే నాసేత" అని నవ్వబోయి ఏడ్చింది.

కూటంలో వేరే పాట పాడారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ వదిన దాన్ని ఎత్తుకోలేదు. తెలిశాక ఎలా పాడుతుంది? పట్టుబట్టి దక్కించుకున్నాను గాని, ఆ వరస అంతమంది గొంతుల్లో వింటున్నప్పుడు బావ వెనక బెంచీలో కూర్చున్నట్టే ఉండేది. ఇప్పుడు ఫోనులో ఒక్కడే పాడుతున్నాడు, ఎవరో పరాయివాడు. ఆ మాటలు బావ నోట ఎలా ఉండేవో నాకు తెలియదు. ఆ డయాలసిస్ సాయంత్రం, ప్రార్థన అయ్యి వదిన వెళ్లాక ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు.