బిడ్డ కండ్లు తెల్లబడేదాకా

యాకమ్మ కండ్లలో తెల్లగుడ్డు తెల్లగా ఉండేది కాదు. ఉతికిన బట్టకు నీలిమందు ఒక చుక్క ఎక్కువ పడ్డట్టు లేత నీలంగా ఉండేది. కేసముద్రం దగ్గరి వాళ్ల ఊళ్లో అది జబ్బేమోనని అనుమానించిన పుణ్యాత్ములు ఒక్కరూ లేరు. అందరికీ అది అందమే. తల్లి కాటుక దిద్ది మరీ ఆ నీలాన్ని నలుగురికీ చూపించుకునేది. అదే పిల్ల వాకిట్లో జారిపడి చెయ్యి విరిగినా, మేక తోస్తే కాలు విరిగినా మాత్రం "దీనికి దుడుకెక్కువ" అని తిట్టి కట్టు కట్టించేవాళ్లు. ఆ కండ్లకూ ఆ ఎముకలకూ చుట్టరికం ఉందని ఎవరికి తడుతుంది?

పెళ్లిచూపుల్లోనూ ఆ కండ్లే పని చేశాయి. వరంగల్ మట్టెవాడలో జంపఖానాలు నేసే మొండయ్య పిల్లను చూసి, ఇంకేమీ అడక్కుండా తలూపాడు. యాకమ్మ కాపురానికొచ్చి, మగ్గం పక్కన కూచుని నూలు చుట్టడం మొదలుపెట్టింది.

అత్త పూలమ్మ ఆ సందులకంతా పేరు మోసిన మనిషి. ఎవరింట పసిబిడ్డ పుట్టినా తానం పోయాలంటే పూలమ్మ రావాల్సిందే. కాళ్లు బారజాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, చేతులు కాళ్లు సాగదీసి, మడిచి, ఉడుకు నీళ్లు పోసేది. బిడ్డ ఎంత గట్టిగా ఏడిస్తే తానం అంత బాగా కుదిరినట్టు లెక్క. ఆ తరువాత సాంబ్రాణి పొగ పట్టి ఉయ్యాలలో వేస్తే మళ్లీ పొద్దువాలేదాకా లేచేది కాదు. తల్లులు ఆమెకు దండం పెట్టేవాళ్లు.

డెబ్బై ఆరులో యాకమ్మకు కొడుకు పుట్టాడు. వాడికీ నీలి కండ్లే. "నా మనుమనికి కోడలి కండ్లే వచ్చినయ్" అని పూలమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తానం తనే పోసేది. పరాయి పిల్లలకే అంత శ్రద్ధగా పోసే మనిషి, సొంత మనుమడికి ఊరుకుంటుందా? ఒకరోజు వాడి ఏడుపు ఆగలేదు. కడుపునొప్పి అనుకున్నారు. తెల్లారేసరికి తొడ వాచింది. కట్టు కట్టించారు. జ్వరం పట్టుకుంది. ఆ కట్టు విప్పకముందే పిల్లవాడు పోయాడు.

ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అంత అందమైన కండ్లకు దిష్టి తగలకుండా ఉంటుందా అన్నారు. యాకమ్మ ఏడవలేదు. కర్మలైన మర్నాడే నూలు చుట్టడానికి కూచుంది. ఏడవని తల్లిని చూస్తే లోకానికి ఎంత కోపమో! తమ కోసమైనా నాలుగు కన్నీళ్లు రాల్చకూడదా అన్నట్టు ఇరుగుపొరుగు గునిశారు. ఆమెకేమో మనసు తిమ్మిరెక్కిపోయి ఉంది. గిచ్చినా తెలిసేది కాదు.

మళ్లీ నెల తప్పింది. నెలలు నిండొస్తుండగా, నూలు చుట్టేటప్పుడు కంట్లో పీచు పడి ఎంత కడిగినా పోలేదు. పెద్ద దవాఖానకు వెళితే కండ్ల వార్డులో విమల అనే చిన్న వయసు డాక్టరమ్మ లైటు వేసి చూసింది. పీచు తీసేసింది. తీసేశాక కూడా లైటు ఆర్పలేదు.

"చిన్నప్పుడు నీకు ఎముకలు విరిగినయా అమ్మా?"

కంట్లో నలక పడితే ఎముకల ఊసెందుకో యాకమ్మకు అర్థం కాలేదు. "విరిగినయ్ డాక్టరమ్మా. చానసార్లు."

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. అడగని పాఠమే అయినా ఉత్సాహంగా చెప్పింది. "ఈ తెలుపు ఉన్నదే, ఇది కంటికి పైతోలు. కంటిగుడ్డు ఆకారం చెడకుంట పట్టి ఉంచేది ఇదే. వెనక మందంగ ఉంటది, కన్నును తిప్పే కండరాలు అతుక్కునే కాడ బాగ పలుచన. సన్నటి పోగులు అడ్డదిడ్డంగ అల్లుకొని ఉంటయ్ కాబట్టి తెల్లగ కనబడ్తది. అవే పోగులు ముందు దిక్కు వరుసగ పేర్చినట్టుంటయ్, అందుకే అక్కడ అద్దం లెక్క ఉంటది. నీకు ఆ పోగు తక్కువ పడ్డది. తోలు పలుచనైంది. దాని కింద ఉన్న నల్లపొర నీలంగ పైకి కనబడ్తాంది. ఎముకల్ల గూడ ఆ పోగే ఉంటది."

నూలు పలుచనైతే నేత ఎలా ఉంటుందో యాకమ్మకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"నా కొడుక్కు గూడ గిట్లనే ఉండె," అన్నది.

"బాబు ఎక్కడున్నడు?"

"పోయిండు." బజారుకు పోయాడన్నంత మామూలుగా చెప్పింది.

డాక్టరమ్మ అప్పుడు లైటు ఆర్పింది. తరువాత మెల్లగా, "కడుపుల బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు. పుట్టంగనే చెప్పలేం. పసిపిల్లలందరికి ఆ తోలు లేతగనే ఉంటది, జర నీలం కనబడ్తది. ఏడాదికల్లా తెల్లబడితే ఫికర్ లేదు. అందాక కాళ్లు చేతులు గుంజనియ్యకు," అన్నది.

ఇంటికొచ్చి యాకమ్మ ఈ సంగతి మొగుడికి చెప్పింది. మగ్గం అవతల పూలమ్మ ఉంది. అంతా విన్నది. నీవల్లే అని ఎవరూ అనలేదు, అనాల్సిన పనీ లేదు. మర్నాటి నుంచి తానం పోయమని ఎవరొచ్చినా "నడుము నొస్తాంది" అని తిప్పి పంపేసింది.

ఆడపిల్ల పుట్టింది. కండ్లు నీలంగానే ఉన్నాయి.

యాకమ్మ పాలిచ్చింది, తడిగుడ్డతో తుడిచింది, దేనికీ లోటు చేయలేదు. కానీ పేరు మాత్రం పెట్టనివ్వలేదు. పేరు పెడితే రేపు ఆ పేరుతోనే ఏడవాల్సి వస్తుందని ఆమె భయం. పొద్దున్నే గడపలోకి తెచ్చి, కింది రెప్ప దించి తెల్లగుడ్డు చూసేది. ముఖం చూసేది కాదు. బిడ్డ నవ్వడం నేర్చింది. ఆ నవ్వును ముందు చూసింది మొండయ్యే.

పూలమ్మ బిడ్డను ఎత్తుకోలేదు. ఉయ్యాలకు పొడుగు తాడు కట్టి, దూరంగా కూచుని లాగేది. ఆడపిల్లని ముసలిదానికి చిన్నచూపని వాడకట్టు తేల్చేసింది. లోకానికి కారణాలు దొరకడం ఎంతసేపు! యాకమ్మ ఆ మాటలు విన్నది. కాదనలేదు. కాదనాలని కూడా ఆమెకు తోచలేదు.

పిల్ల గోడ పట్టుకుని నిలబడే నాటికి కండ్లు మారినట్టే ఉన్నాయి. యాకమ్మ తన చూపును నమ్మలేక మొగుణ్ని అడిగేది. "నాకేం తెలుస్తది" అని అతను మగ్గంలో తల దూర్చేవాడు. ఏడాది నిండాక దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, "తెల్లబడ్డయ్ యాకమ్మా! నీ బిడ్డకు రాలే. ఇగ ఎగిరినా దుంకినా ఏం కాదు," అని తనే పిల్లను ముద్దాడింది.

యాకమ్మ తన లోపల సంతోషం కోసం వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. "సరే డాక్టరమ్మా" అని పిల్లను చంకనేసుకుని ఇంటికి నడిచింది.

పూలమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. పొద్దటి నుంచి పచ్చి నీళ్లు ముట్టలేదని ముఖమే చెబుతోంది. ఏమైందని అడగలేదు.

"తెల్లబడ్డయట అత్తా. ఏం ఫికర్ లేదన్నది."

పూలమ్మ తలూపింది. పక్కకు తప్పుకుని దారిచ్చింది. కోడలు లోపలికి అడుగు పెట్టబోతుంటే వెనక నుంచి అడిగింది.

"ఇగ నేను ముట్టుకోవచ్చునా బిడ్డా?"

యాకమ్మ గడప మీదే ఆగిపోయింది. ముట్టుకోవద్దని తను ఏనాడూ అనలేదు. ఎత్తుకోమనీ అనలేదు. ఏడాది పొడుగునా ఈ మనిషి అదే ఇంట్లో తన మాట కోసం కాచుకుని ఉందని ఆమెకు తట్టనే లేదు.

పిల్లను అందించింది. పూలమ్మ అరచేతులు చాచింది కానీ వేళ్లు ముడవలేదు. పిల్ల జారబోయింది.

"గట్టిగ పట్టుకో అత్తా. ఏం గాదు."

పూలమ్మ పట్టుకుంది. అలవాటు లేని చేతులకు బెదిరి పిల్ల కెవ్వుమంది. ఆ ఏడుపుకు ముసలామె పిల్లను వెనక్కి ఇచ్చెయ్యబోయింది.

యాకమ్మ చేతులు చాపలేదు.

"ఏడ్వనీ అత్తా," అన్నది.